నచ్చిన పుస్తకం ఇస్తే చదవట్లేదు

ప్రశ్న: నాకు ప్రాణమైన ‘కన్యాశుల్కం’ మా తమ్ముడి కూతురికి బర్త్‌డేకి ఇచ్చానండి, నాలుగు పేజీలు చదివి భాష అర్థం కావట్లేదు అత్తా అని పక్కన పెట్టేసింది. పాతవి ఈ పిల్లలకి ఎక్కవంటారా?

జవాబు: ఎక్కుతాయండి, కాకపోతే అది నాటకం కదా, నవల్లా ఒక్కతే కూర్చుని చదవడం కష్టం, మీరిద్దరూ తలో పాత్ర తీసుకుని పైకి చదవండి. మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో గిరీశం, రామప్పంతులు మంచం కింద దాక్కుంటే పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వచ్చే సీన్ ఉంది చూశారా, అక్కడ మొదలెట్టండి, నవ్వకపోతే అడగండి. విజయనగరం వైపు మాట్లాడే యాస అది, కంటికి కష్టంగా ఉన్నా చెవికి తెలిసిపోతుంది. 1892లో మొదటిసారి ఆడారు, గురజాడ అంతటితో ఊరుకోకుండా 1909కి దాదాపు మొత్తం తిరగరాశారు, ఇప్పుడు మనం చదివేది అదే. నవ్వులయ్యాక సుబ్బి సంగతి ఎత్తండి, చిన్న పిల్లని డబ్బులకి ముసలాడికి కట్టబెట్టబోయారు అంటే అప్పుడు తనే అడుగుతుంది చూడండి. నేనైతే ఇష్టమైన పుస్తకం ఊరికే ఇవ్వనండి, ముందు ఒక సీన్ చదివి వినిపించాకే ఇస్తా.