పాత బోటు కొనేముందు

ప్రశ్న: కాకినాడలో పాత ఫైబర్ బోటు, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజనుతో సహా బేరానికొచ్చింది. బోటు కొనడం ఇదే మొదటిసారి. ఏం చూసుకోవాలి?

జవాబు: ఇంజను స్టార్టవడం తర్వాతి సంగతి. ముందు అది బిగించిన వెనక పలక చూడండి. ఇంజనును పైకి వంచి, దాని కింది భాగం పట్టుకుని గట్టిగా నొక్కండి. పలక ఊగితే లోపలి ప్లైవుడ్ కుళ్లినట్టే. ఆ బోటు వదిలేయండి, అది కొత్తవాళ్లు పెట్టుకోదగ్గ మరమ్మతు కాదు.

గేరుబాక్సు కింది స్క్రూ విప్పితే ఆయిల్ పాలలా తెల్లగా వచ్చిందా, సీళ్లు పోయి నీళ్లు చేరాయన్నమాట. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచే, పైదానిలోంచి పొర్లేదాకా ఎక్కించాలి. పైనుంచి పోస్తే గాలి నిలిచిపోతుంది. రెండు సిలిండర్ల కంప్రెషన్‌లో, అంటే లోపల పుట్టే ఒత్తిడిలో, తేడా 10 శాతం దాటకూడదు. ఇంజనును చల్లబరిచే నీళ్లు తోడే వాటర్ పంపు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) మాత్రం బాగున్నట్టు కనిపించినా మార్చేయండి: రబ్బరు రెక్కలు విరిగితే నీళ్లందక ఇంజను పట్టేస్తుంది.