పందుల జ్వరం కుందేళ్లకు పాకుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక పల్లె. ఒకే షెడ్డులో ఒక పక్క 26 సంకరజాతి పందులు, ఇంకో పక్క బోనుల్లో 70 దాకా కుందేళ్లు పెంచుతున్నాను. పందులకు హైవే దాబాల్లో మిగిలింది తెచ్చి పోస్తాను. పదిహేను రోజులుగా ముసురు. ఈ మధ్య పందులు మేత ముట్టడం లేదు, ఒళ్లు కాలిపోతోంది. చెవుల మీద, పొట్ట కింద కమిలినట్టు ఎర్ర మచ్చలు వచ్చాయి, నడిస్తే వెనక కాళ్లు తూలుతున్నాయి. నాలుగు చనిపోయాయి. అదే వారంలో కుందేలు పిల్లలు పొట్ట ఉబ్బి, పారుకుని చచ్చిపోతున్నాయి. ఒకదాన్ని కోసి చూస్తే కాలేయం నిండా తెల్లటి చుక్కలు. రెండు పెద్ద కుందేళ్ల చెవుల్లో చెక్కు కట్టింది. పందుల రోగమే వీటికి అంటుకుందా? పందులకని తెచ్చిన అమాక్సిసిలిన్ పొడి మిగిలింది, కుందేళ్ల నీళ్లలో కలపమంటున్నారు. దేనికీ టీకాలు వేయించలేదు. ఉన్న పందుల్ని చావకముందే అమ్మేయమని దళారీ తొందరపెడుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చివర్లో రాసినదే ముందు చూద్దాం. మిగతావి ఒక పూట ఆగుతాయి, ఇది ఆగదు. ఒక్క పందిని కూడా అమ్మకండి, కోయకండి, కోసుకుంటామన్నవాళ్లకు ఇవ్వకండి. దళారీ బండిని గేటు లోపలికి రానివ్వకండి. మీరు రాసిన లక్షణాలన్నీ స్వైన్ ఫీవర్, అంటే పందుల జ్వరం వైపు చూపిస్తున్నాయి. ఇవాళ హుషారుగా మేస్తున్న పంది ఒంట్లో కూడా ఆ వైరస్ ఉండొచ్చు. అది సంతకు చేరిందంటే నాలుగు ఊళ్ల పందుల పని అయిపోయినట్టే.

ఇప్పుడే రైతు సేవా కేంద్రంలో చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి. పశువుల అంటురోగాల నివారణ, నియంత్రణ కోసం 2009లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి అనుమానం రాగానే తెలియజేయడం యజమాని బాధ్యత. "చెబితే అన్నిటినీ చంపేస్తారు" అని చాలామంది నోరు మెదపరు. ఆ భయం పూర్తిగా అబద్ధమని నేను అనను. ఈ జ్వరం క్లాసికల్, ఆఫ్రికన్ అని రెండు రకాలు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అని తేలితే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న పందులన్నిటినీ తొలగిస్తారు, పది కిలోమీటర్ల వరకు నిఘా పెడతారు. కానీ అలా తొలగించిన పందులకు కేంద్రం సగం, రాష్ట్రం సగం భరించే పరిహారం ఉంది. మీరు దాచిపెట్టినా ఆ పందులు బతకవు, పరిహారం మాత్రం పోతుంది.

ఇక ఆ పొడి సంగతి. కుందేళ్లకు అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇవ్వకూడదు. ఇప్పటికే కలిపి ఉంటే ఆ నీళ్లు పారబోసి, గిన్నెలు, నీటి పైపులు కడిగేయండి. కుందేలు తిన్న గడ్డి దాని పెద్ద పేగు మొదట్లో ఉండే సంచిలాంటి భాగంలో పులుస్తుంది. ఆ పని చేసేది అక్కడి మంచి బాక్టీరియా. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్ లాంటివి తాగిస్తే ఆ మంచి బాక్టీరియా చచ్చి, క్లాస్ట్రీడియం జాతి పెరిగి విషం కక్కుతుంది. నీళ్ల విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే కుందేలు పోతుంది, చూసేవాళ్లు రోగమే ముదిరిందనుకుంటారు. పందికి, కోడికి పనిచేసిన మందు కుందేలుకూ పనిచేస్తుందన్న లెక్కతో పోయిన కుందేళ్లు తక్కువేమీ కాదు. కుక్కల పిడుదులకు చల్లే ఫిప్రోనిల్ కూడా దీనికి విషమే, చెవి గజ్జికని దాన్ని వాడకండి.

ఇప్పుడు మీ అసలు అనుమానం. పందుల జబ్బు కుందేళ్లకు రాలేదు. మీ షెడ్డులో ఒకే వారంలో రెండు వేరు వేరు రోగాలు బయటపడ్డాయి. పందుల రోగం బహుశా దాబా డ్రమ్ములో వచ్చింది, కుందేళ్లది ముసురు తడిలో పెరిగింది.

స్వైన్ ఫీవర్‌తో కుందేలు జబ్బుపడదు సరికదా, పందులకు ఆ రోగం టీకా ఇచ్చిందే కుందేలు. వైరస్‌ను కుందేళ్లలోకి ఒకదాని నుంచి ఇంకోదానికి పదే పదే ఎక్కిస్తూ పోతే పందిని చంపే శక్తి దానికి పోయింది, రోగనిరోధక శక్తిని పుట్టించే గుణం మిగిలింది. అలా ఎక్కించినా కుందేలుకు వచ్చేది కాస్త జ్వరమే. కానీ టీకా తయారు చేయాలంటే దాన్ని చంపి ప్లీహం తీయాలి, ఒక కుందేలుకు సుమారు 50 డోసులే వస్తాయి. మన దేశంలో 1964 నుంచి వాడుతూ వచ్చిన పద్ధతి ఇది. ఏడాదికి 2 కోట్ల 20 లక్షల డోసులు కావలసి ఉండగా 12 లక్షలే తయారవుతున్నాయని 2020లో కేంద్రమే చెప్పింది. పందుల రైతుకు టీకా ఎందుకు అందలేదో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ, మన దేశంలోనే దొరికిన వైరస్‌ను బలహీనపరిచి, కుందేళ్లతో పని లేకుండా కణాల్లో పెంచి తీసిన టీకాను విడుదల చేసింది. డోసు రెండు రూపాయల లోపే అవుతుందని, రెండేళ్ల దాకా రక్షణ ఉంటుందని అప్పుడు ప్రకటించారు.

అయితే ఈ టీకాలన్నీ పాత స్వైన్ ఫీవర్‌కే, అంటే క్లాసికల్ రకానికే. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ పేరులో దాని చుట్టమే గానీ వైరస్ పూర్తిగా వేరు. 1921లో కెన్యాలో దీన్ని మొదట వర్ణించారు. 2018లో చైనాలోకి, 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలోకి వచ్చింది, 2022లో కేరళలోని వయనాడులో కనిపించింది. దీనికి మన దేశంలో అనుమతి ఉన్న టీకా లేదు. వియత్నాం 2022లో ఒక టీకాకు లైసెన్సు ఇచ్చింది. అది తెప్పిస్తామంటూ ఎవరైనా ఫోన్లో బేరం పెడితే పైసా ఇవ్వకండి.

ఈ రెండింటిలో మీ షెడ్డులో ఉన్నది ఏదో ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా కంటితో చూసి చెప్పలేడు. జ్వరం, మచ్చలు, తూలడం రెండింటిలోనూ ఒకటే. పైగా ఎరిసిపెలాస్ అనే బాక్టీరియా జబ్బులోనూ చర్మం ఎర్రబారుతుంది, అదైతే పెన్సిలిన్‌తో తగ్గిపోతుంది. అందుకే పరీక్ష తప్పదు. జ్వరంతో ఉన్న పంది నుంచి డాక్టరు గారు రక్తాన్ని, గడ్డకట్టకుండా ఉంచే ఊదా మూత గొట్టంలో తీస్తారు. చనిపోయినదైతే ప్లీహం, టాన్సిల్, లింఫు గ్రంథుల ముక్కలు ఐసు పెట్టెలో పంపుతారు. వాటిని ఫార్మలిన్‌లో వేస్తే వైరస్ పరీక్షకు పనికిరావు. ఆఫ్రికన్ రకాన్ని నిర్ధారించేది భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల. కుందేలు పిల్లను కోసినట్టు పందిని మాత్రం మీరు కోయకండి. నేల మీద పడిన ఆ రక్తమే మిగతా పందులకు చాలు.

క్లాసికల్ రకమని తేలితే ఇంకా ఆశ ఉంది. జ్వరం లేని పందులకు డాక్టరు గారు వెంటనే టీకా వేయవచ్చు. ఒక్కో పందికి కొత్త సూది వాడమనండి. ఇప్పటికే జ్వరం ఎక్కినదానికి వేసి లాభం లేదు. టీకా వేసిన తల్లికి పుట్టిన పిల్లల్లో తల్లిపాల రక్షణ కొన్ని వారాలు ఉంటుంది, ఆ సమయంలో వేస్తే టీకా పట్టదు. అందుకే 45 నుంచి 60 రోజుల మధ్య వేస్తారు. ఐసు లేకుండా బండి డిక్కీలో వచ్చిన సీసా నీళ్లతో సమానం.

దాబా మిగులు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 2007లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ జార్జియా దేశంలోకి దిగి అక్కడి నుంచి ఐరోపా, ఆసియాల్లోని చాలా దేశాలకు పాకింది. పోటి రేవులో ఓడల వంటగది చెత్త పందులు తినడంతోనే అది మొదలైందని నిపుణుల అంచనా. ఎంగిలిలో ఒక పచ్చి పంది మాంసం తునక ఉంటే చాలు, ఆ వైరస్ మాంసంలో నెలల తరబడి బతుకుతుంది. వీలైతే మానేయండి. మానలేకపోతే కలియబెడుతూ గంటసేపు ఉడకనివ్వాలి, లోపలి వేడి 90 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. పొంగు రాగానే దించేస్తే మధ్యలోని ముద్ద గోరువెచ్చగానే ఉంటుంది. నేను చూసిన షెడ్లలో అసలు తప్పు ఇంకోటి. పచ్చి ఎంగిలి తెచ్చిన డ్రమ్ములోనే, అంచుకు అంటిన జిడ్డు అలాగే ఉండగా, ఉడికించినదాన్ని తిరిగి పోస్తారు. అలా చేస్తే గంటసేపు కాల్చిన కట్టెలు దండగ. పచ్చిదానికో డ్రమ్ము, ఉడికినదానికో డ్రమ్ము ఉండాలి, రెంటికీ వేరే రంగు పూయండి.

చచ్చినవాటిని బావికీ కాలువకూ దూరంగా ఆరడుగుల గుంత తీసి, సున్నం వేసి పూడ్చండి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప కప్పండి. షెడ్డులో ముందు పేడ ఎత్తి, సబ్బు నీళ్లతో రుద్ది, ఆరాక లీటరుకు 20 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి కొట్టండి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నెల మీద ఇది పడితే తినేస్తుంది. పేడ ఉండగా ఏ మందు కొట్టినా వృథాయే.

కుందేళ్లకు వద్దాం. పాలు మానే వయసు పిల్లలు, ఉబ్బిన పొట్ట, విరేచనాలు, కాలేయం మీద తెల్ల చుక్కలు: ఇది బహుశా కాక్సిడియోసిస్, అంటే కాక్సిడియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి తెచ్చే రోగం, అందులో కాలేయానికి సోకే రకం. దీని గుడ్లు పెంటికలతో బయటికి వచ్చి, తడి, వెచ్చదనం దొరికితే రెండు మూడు రోజుల్లో రోగం అంటించే స్థితికి వస్తాయి. కాబట్టి రోజూ పెంటికలు ఎత్తేస్తే సగం రోగం అక్కడే ఆగుతుంది. బ్లీచింగ్, ఫినాయిలు ఈ గుడ్లను ఏమీ చేయలేవు. వేడి చంపుతుంది. బోన్లను ఖాళీ చేసి సలసల కాగే నీళ్లు పోయండి, లేదా జాలీని మంటతో కాల్చండి. పచ్చిగడ్డిని నేల మీద పరవకుండా పైన తగిలించండి. మందు విషయంలో, 2.5 శాతం టోల్ట్రాజురిల్ ద్రావణం లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున రెండు రోజులు, ఐదు రోజులు ఆగి మళ్లీ రెండు రోజులు ఇస్తారు. మొదలుపెట్టే ముందు తాజా పెంటికలు శుభ్రమైన డబ్బాలో వేసి సూక్ష్మదర్శిని కింద చూపించండి. చుక్కలన్నీ కాక్సిడియావే కానక్కర్లేదు, బాక్టీరియా వల్ల కూడా వస్తాయి. చనిపోయిన పిల్లను కోయకుండా రెండు కవర్లలో కట్టి, ఐసు మీద అదే రోజు పంపితే మంచిది. డీప్ ఫ్రీజరులో పెడితే కణజాలం పాడవుతుంది. మందు వేశాక మాంసానికి ఎన్నాళ్లు ఆగాలో డాక్టరు గారిని అడగండి.

చెవుల్లో చెక్కు చెవి గజ్జి పురుగు పని. పందుల గజ్జి పురుగు వేరు, ఇది వేరు. చెక్కును గోటితో పీకకండి, నొప్పితో కుందేలు గిలగిల్లాడుతుంది. ఐవర్‌మెక్టిన్ సూది చర్మం కింద వేయించి, రెండు వారాలకు మళ్లీ వేయించండి. చెక్కు దానంతట అదే రాలిపోతుంది. పందుల కోసం దొరికే ఒక శాతం మందే అయినా, రెండు కిలోల కుందేలుకు పట్టేది మిల్లీలీటరులో పదో వంతు కూడా కాదు. ఇన్సులిన్ సిరంజి లేకుండా అంత చిన్న కొలత కుదరదు. పక్క బోన్లలో ఉన్నవాటికీ వేయించాలి.

రెండిటినీ ఒకే కప్పు కింద ఉంచడం మాత్రం ఇకపై మానండి. పాశ్చురెల్లా, బోర్డెటెల్లా అనే బాక్టీరియాలు పందుల్లోనూ కుందేళ్లలోనూ ముక్కు, ఊపిరితిత్తుల జబ్బులు తెస్తాయి. పంది మూత్రం నుంచి లేచే అమ్మోనియా కుందేలు ముక్కు పొరను దెబ్బతీసి వాటికి దారి ఇస్తుంది. ముందరి కాళ్ల లోపలి బొచ్చు తడిసి అట్టకట్టి ఉంటే ఆ కుందేలు ముక్కు తుడుచుకుంటోందని అర్థం, దాన్ని వేరు చేయండి. పందుల రిపోర్టు వచ్చేదాకా కుందేళ్లను గానీ, బోన్లను గానీ, వాటి ఎరువును గానీ బయటికి అమ్మకండి. కుందేలుకు స్వైన్ ఫీవర్ రాకపోయినా దాని బోనుకు అంటిన పంది పేడలో వైరస్ ప్రయాణం చేస్తుంది. ఒకే మనిషి చూసుకుంటుంటే ముందు కుందేళ్ల పని ముగించి, తర్వాత పందుల దగ్గరికి వెళ్లాలి. పందుల వైపు వేరే చెప్పులు, వేరే బట్టలు ఉంచుకోండి.

స్వైన్ ఫీవర్ ఏ రకమైనా మనుషులకు అంటదు, ఇంట్లో పిల్లల గురించి ఆ దిగులు వద్దు. కొత్త పందుల్ని మాత్రం పశుసంవర్ధక శాఖ రాతపూర్వకంగా సరేననేదాకా తేకండి. తెచ్చేటప్పుడు కూడా ముందు రెండు పంది పిల్లల్ని శుభ్రం చేసిన షెడ్డులో వదిలి, కొన్ని వారాలు రోజూ జ్వరం చూసి, అవి నిలబడ్డాకే మిగతావాటికి బయానా ఇవ్వండి.