ఒక సెమిస్టర్ చదివి తిరిగొస్తున్నా.. మూడు నెలల నోటీసు ఇవ్వాల్సిందేనా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. బీటెక్ మూడో ఏడాదిలో ఎక్స్ఛేంజ్ మీద ఒక సెమిస్టర్ చదవడానికి సెప్టెంబర్ చివర్లో జర్మనీ వచ్చాను. డ్రెస్డెన్‌లో ఒక పెద్దావిడ ఉంటున్న ఫ్లాట్‌లోనే, మంచం, బల్ల, బీరువాతో సహా ఒక గది అద్దెకు తీసుకున్నాను. అగ్రిమెంట్‌లో ఖాళీ చేసే తేదీ రాయలేదు. అద్దె 320 యూరోలు, హీటింగ్, నీళ్లు వగైరాలకు మరో 80. డిపాజిట్ 640. మార్చి 28న నాకు ఫ్లైట్. ఫిబ్రవరి రెండో వారంలో ఆవిడకు నోటిమాటగా చెప్పాను. "మూడు నెలల నోటీసు ఇవ్వాలి, ఏప్రిల్, మే అద్దె కూడా కట్టాలి" అన్నారు. ఇది నిజమేనా? మార్చి అద్దె డిపాజిట్‌లో పట్టుకోమని చెప్పవచ్చా? బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) మిగిలిన డబ్బు ఇండియాకి ఎలా తెచ్చుకోవాలి? అదంతా నాన్నగారు అప్పు చేసి పంపిన డబ్బు. టెన్షన్‌తో పరీక్షలకు కూడా చదవలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, ముందు మీ పరీక్షల సంగతి చూసుకోండి. మీరు రాసిన వివరాల ప్రకారం ఏప్రిల్, మే అద్దె మీరు కట్టనక్కర్లేదు.

జర్మనీలో మామూలు అద్దె ఇళ్లకు మూడు నెలల నోటీసు ఉన్నమాట నిజమే. ఒక నెల మూడో పని దినం లోపు నోటీసు అందితే ఆ నెల, ఆ తర్వాత మరో రెండు నెలలు గడిచాక ఒప్పందం ముగుస్తుంది. ఆ లెక్కనే ఆవిడ మే వరకు అంటున్నారు. కానీ అద్దెకిచ్చినావిడ తాను ఉంటున్న ఇంట్లోనే, చాలావరకు తన సామాన్లతోనే ఒక గదిని ఒంటరి మనిషికి ఇస్తే దానికి వేరే నియమం ఉంది. జర్మన్ సివిల్ కోడ్ 573సి సెక్షన్ మూడో పేరా చూడండి. అలాంటి గదికి నెల 15వ తేదీలోపు నోటీసు ఇస్తే ఆ నెలాఖరుకే ఖాళీ చేయవచ్చు. అగ్రిమెంట్‌లో మూడు నెలలని రాసుకున్నా సరే, అద్దెకున్నవారికి నష్టం కలిగించే అలాంటి షరతు చెల్లదని అదే సెక్షన్ నాలుగో పేరా చెబుతోంది. మీ నోటీసు మార్చి 15లోపు ఆవిడ చేతికి చేరితే మార్చి 31తో మీ బాధ్యత తీరిపోతుంది. 28న బయల్దేరినా ఆ మూడు రోజుల అద్దె మాత్రం మీదే.

పెద్దావిడ మిమ్మల్ని మోసం చేస్తున్నారని అనుకోకండి. అక్కడ అందరి నోటా వినిపించే మాట మూడు నెలలే. ఈ మినహాయింపు ఇళ్లు అద్దెకిచ్చే చాలామందికి తెలియదు. సెక్షన్ నంబరు కాగితం మీద రాసి మర్యాదగా చూపించండి.

నోటీసు విషయంలో పిల్లలు దెబ్బతినేది ఒక్కచోటే. నోటిమాట చెల్లదు, వాట్సాప్ చెల్లదు, ఈమెయిల్ కూడా చెల్లదు. కాగితం మీద రాసి, పెన్నుతో సంతకం పెట్టి ఇవ్వాలి. ఫిబ్రవరిలో మీరు చెప్పిన మాటకు చట్టం దృష్టిలో విలువ లేదు. రెండు కాపీలు రాయండి. ఒకటి ఆవిడకిచ్చి, రెండో దాని మీద "అందింది" అని తేదీ వేయించి సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే ఒక స్నేహితురాలిని వెంట తీసుకెళ్లి, ఆమె ఎదుట ఆవిడ చేతికివ్వండి. ఇచ్చిన రోజూ, వేళా ఆ అమ్మాయి చేత రాయించుకోండి. పోస్టులో పంపితే 15లోపు చేరిందని రుజువు చేసుకోవడం కష్టమవుతుంది. 15 దాకా ఆగకండి, ఈ వారంలోనే ఇచ్చేయండి.

కిందటేడు ఒక తల్లి నా ఆఫీసుకు వచ్చారు. కొడుకు ఇంకో యూరప్ దేశంలో ఆర్నెల్లు చదివి వచ్చాడు. వెయ్యి యూరోల పైచిలుకు డిపాజిట్ అక్కడే ఉండిపోయింది. నోటీసు ఎక్కడుందని అడిగితే ఫోన్ తీసి చాట్ చూపించారు. గది అప్పగించినట్టు కాగితం లేదు, తాళాలు వెనక్కి ఇచ్చినట్టు రసీదు లేదు. బాబు చెప్పేదంతా నిజమేనని నాకు నమ్మకం. కానీ హైదరాబాద్‌లో కూర్చుని నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. మీరు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి, మీ సంతకం, మీ ఉనికి అవసరమైన ప్రతి పనీ విమానం ఎక్కేలోపే పూర్తిచేసుకోండి.

ఇక డిపాజిట్. మన దగ్గర చివరి నెల అద్దె అడ్వాన్సులో పట్టుకోమనడం మామూలే. అక్కడ అలా అనకండి. ఒప్పందం నడుస్తున్నంత కాలం డిపాజిట్ హామీ సొమ్ము, దాన్ని మీ అంతట మీరు అద్దెలో సర్దుబాటు చేయడానికి వీల్లేదు. మార్చి అద్దె బ్యాంకు ద్వారానే కట్టేయండి. డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదు, హీటింగ్ వగైరాల సొమ్ము ఆ లెక్కలోకి రాదు. మీది రెండు నెలలదే కాబట్టి పేచీ లేదు. ఆ డబ్బును ఆవిడ తన సొంత సొమ్ముతో కలపకుండా వేరే ఖాతాలో ఉంచాలి, దాని వడ్డీ కూడా మీకే చెందుతుంది. హాస్టళ్లలో ఉన్న పిల్లలకు మాత్రం ఈ వడ్డీ హక్కు లేదు.

ఇప్పుడు గది అప్పగించే రోజు గురించి కొంచెం వివరంగా చెబుతాను. మీ 640 యూరోలు తేలేది ఆ అరగంటలోనే. మధ్యాహ్నం వెలుతురున్న వేళ పెట్టుకోండి. గది ఖాళీ చేసి, తుడిచి, ఇద్దరూ కలిసి గోడ గోడా చూడండి. కిటికీ ఫ్రేము కింది అంచు చూడండి, చలికాలమంతా తలుపులు మూసి హీటర్ వేసుకుంటే అక్కడే నల్లగా బూజు పడుతుంది. తర్వాత వంటగది. మన పిల్లల గదుల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించే గొడవ పసుపు మరక. తెల్లటి వంటగట్టు మీద తాలింపు చిందిన చోట పసుపుపచ్చ చుక్కలు, గాజు స్టవ్ మీద మాడిన మచ్చ. నాలుగు రోజుల ముందే వాటి మీద పనిచేయడం మొదలుపెట్టండి. మీటరు మీ గదికి వేరేగా ఉంటే అంకె కనబడేలా ఫొటో తీయండి. ఎన్ని తాళంచెవులు ఇచ్చారో లెక్కపెట్టండి, వీధి తలుపుది, పోస్టు పెట్టెది కూడా మర్చిపోవద్దు.

ఇదంతా రాసే కాగితాన్ని అక్కడ ఉబర్‌గాబె ప్రోటోకోల్ అంటారు. గది ఏ స్థితిలో ఉందో, తాళంచెవులు ఎన్ని ఇచ్చారో, డిపాజిట్ ఏ ఖాతాకు పంపాలో అందులో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఒప్పుకోని నష్టం ఏదైనా ఆవిడ రాస్తే దాని కింద సంతకం పెట్టకండి, లేదా "నేను అంగీకరించడం లేదు" అని పక్కన రాసి పెట్టండి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మీరు బాధ్యులు కారు, 538 సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. హైదరాబాద్‌లో పెయింటింగ్ కింద ఒక నెల అడ్వాన్సు కోసుకునే అలవాటు చూసి, అక్కడా అంతేననుకోకండి. ఆర్నెల్లు ఉన్న గదికి రంగులు వేయించమనే హక్కు సాధారణంగా ఆవిడకు ఉండదు. నిజంగానే వంటగట్టు పాడైతే కొత్తదాని ధర మొత్తం మీ నెత్తిన వేయకూడదు, ఎన్నేళ్లు వాడిందో చూసి తగ్గించాలి. మీకు హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమా, అంటే మనవల్ల ఇతరులకు జరిగే నష్టానికి చేయించే బీమా, ఉంటే అద్దె ఇంటికి జరిగిన నష్టం అందులో వస్తుందేమో ఆ కాగితాలు చూడండి.

డిపాజిట్ ఫలానా రోజుకు ఇవ్వాలని చట్టంలో గడువు లేదు. మూడు నుంచి ఆరు నెలలు తీసుకోవడం అక్కడ మామూలే. హీటింగ్ లెక్క తేలాల్సి ఉంటే కొంత సొమ్ము అట్టిపెట్టుకోవచ్చు, మొత్తం కాదు. జరిగిన నష్టానికి దావా వేసే హక్కు గది తిరిగి తీసుకున్న ఆర్నెల్లకు కాలం చెల్లుతుంది. అయితే ఆ తర్వాత కూడా డిపాజిట్‌లోంచి మినహాయించుకునే వీలుందని 2024 జులైలో జర్మనీ ఫెడరల్ కోర్టు చెప్పింది. అందుకే ఆ ప్రోటోకోల్ గురించి ఇంతలా చెబుతున్నాను.

ఆర్నెల్లు దాటినా డబ్బు రాకపోతే రెండు వారాల గడువుతో ఉత్తరం రాయండి. అప్పటికీ ఇవ్వకపోతే లాయరు లేకుండానే, కోర్టు నుంచి చెల్లింపు నోటీసు పంపించే పద్ధతి అక్కడ ఉంది. జర్మనీలో నివాసం లేనివారి దరఖాస్తులు బెర్లిన్‌లోని వెడ్డింగ్ కోర్టుకు వెళ్తాయి. ఆవిడ అభ్యంతరం చెబితే కేసు డ్రెస్డెన్ కోర్టులోనే నడుస్తుంది, అప్పుడు లాయరు తప్పనిసరి కాకపోయినా, ఇక్కడి నుంచి నడపాలంటే అక్కడి లాయరు ఉంటేనే మంచిది. డిపాజిట్ అడిగే హక్కుకు మూడేళ్ల గడువుంది, అది ఆ హక్కు పుట్టిన ఏడాది చివరి నుంచి లెక్క. మీ యూనివర్సిటీ విద్యార్థి మండలి న్యాయ సలహా ఇస్తుందేమో ఈ వారమే అడగండి, ఇలాంటి మండళ్లు చాలాచోట్ల విద్యార్థులకు ఉచితంగానే చెబుతాయి.

వెళ్లేముందు అబ్‌మెల్డుంగ్, అంటే చిరునామా రద్దు, తప్పనిసరి. ఖాళీ చేయడానికి వారం ముందు నుంచి, ఖాళీ చేశాక రెండు వారాల్లోపు చేసుకోవాలి. ముందే చేసుకుని ధ్రువపత్రం చేతిలో పెట్టుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థకు దాన్ని పంపకపోతే మీరు ఇంకా అక్కడే ఉన్నారనుకుని ప్రీమియం అడుగుతూనే ఉంటారు. టీవీ, రేడియో రుసుము నెలకు 18.36 యూరోలు. మీకు ఆ ఉత్తరాలు వచ్చి ఉంటే భయపడకండి, అది ఇంటికి ఒక్కటే. పెద్దావిడ కడుతున్నారు కాబట్టి ఆవిడ చందా నంబరు రాసి జవాబు పంపండి.

బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము నెలకు 992 యూరోల చొప్పున విడుదలవుతుందని మీకు తెలుసు. మిగిలినది మొత్తంగా తీసుకోవాలంటే దేశం వదిలినట్టు రుజువు అడుగుతారు. ఆ ఖాతా నడిపే సంస్థ అబ్‌మెల్డుంగ్ పత్రంతో సరిపెట్టుకుంటుందా, విదేశీయుల కార్యాలయం నుంచి లేఖ కూడా కావాలంటుందా అన్నది ఇప్పుడే మెయిల్ చేసి అడగండి. ఆ కార్యాలయంలో అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టవచ్చు. డిపాజిట్ వచ్చేవరకు అక్కడి మామూలు బ్యాంకు ఖాతా మూసేయకండి. ఏదైనా పని స్నేహితురాలికి అప్పగిస్తే సంతకం చేసిన వోల్‌మాఖ్ట్, అంటే అధికార పత్రం, అసలు కాగితమే ఇవ్వండి. ఫొటో చూపిస్తే అవతలివాళ్లు కాదనవచ్చు.

డబ్బు నగదుగా తేకండి, బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపుకోండి. నోట్లు 5,000 డాలర్ల విలువ దాటితే శంషాబాద్‌లో దిగగానే కస్టమ్స్ వద్ద డిక్లరేషన్ ఇవ్వాలి. ఖర్చు కాని విదేశీ కరెన్సీని తిరిగొచ్చిన 180 రోజుల్లో బ్యాంకుకు అప్పగించాలి, 2,000 డాలర్ల విలువ వరకు నోట్లు మీ దగ్గర ఉంచుకోవచ్చు. మీ లాప్‌టాప్ ఒక్కటైతే దానికి సుంకం లేదు.

మీరు అడగని విషయం ఒకటుంది. సెప్టెంబర్ దాకా ఇక్కడే ఉన్నారు కాబట్టి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఈ ఆర్థిక సంవత్సరానికి మీరు భారత నివాసి కిందికే వస్తారు. విదేశంలో మీ పేరున బ్యాంకు ఖాతా ఉంటే, రూపాయి ఆదాయం లేకపోయినా రిటర్ను వేయాలి. ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపి బ్లాక్డ్ అకౌంటు, మామూలు ఖాతా రెండూ చూపించండి. చూపకపోతే పది లక్షల జరిమానా అని ఎవరైనా చెబితే కంగారుపడకండి, ఇళ్లూ స్థలాలూ కాక మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలకు మించకపోతే 2024 అక్టోబర్ నుంచి ఆ జరిమానా లేదు. అయినా రిటర్ను వేయండి. రెండు ఖాతాల స్టేట్‌మెంట్లు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి నాన్నగారికి మెయిల్ చేసేయండి, ఖాతా మూసేశాక లాగిన్ పనిచేయదు.