డేటోనా 24 గంటల రేసు: సాయంత్రానికే వచ్చేసేటట్టయితే వెళ్లకండి

అడిగిన ప్రశ్న: "ఫ్లోరిడాలో ఉంటాం. జనవరి చివర్లో జరిగే డేటోనా 24 గంటల కార్ రేసుకి వెళ్లడం దండగా? ఒకే దారిలో తిరిగే కార్లని అంతసేపు చూడటానికి ఏముంటుంది? మధ్యాహ్నం వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే సరిపోతుందా?"

సరిపోదు. సాయంత్రానికే వచ్చేసేటట్టయితే అసలు వెళ్లకండి, పెట్రోలు డబ్బులు మిగులుతాయి. ఆ రేసు మధ్యాహ్నం 1:40కి మొదలవుతుందని టికెట్ మీద ఉంటుంది గానీ, నన్నడిగితే అది మొదలయ్యేది రాత్రి రెండు దాటాకే. అప్పటిదాకా జరిగేదంతా తిరనాళ్లే. జెయింట్ వీల్ ఉంటుంది, బాణసంచా ఉంటుంది, మన సినిమా టికెట్ రేటుకి బర్గర్ ఉంటుంది. బాణసంచా అవగానే సగం జనం కార్లెక్కేస్తారు. సోమవారం ఆఫీసులో "డేటోనా చూసొచ్చాం" అని చెప్పేది వీళ్లే.

నేను వెళ్లింది 2022లో. ఉండేది టాంపాలో. అప్పటికి మా నాన్న ఇండియా నుంచి వచ్చి ఆరు వారాలైంది. డిస్నీ అయింది, గుడి అయింది, బీచ్ అయింది, కాస్ట్‌కో అయితే ఎన్నిసార్లయిందో లెక్కలేదు. అమ్మానాన్నలొస్తే ఇవే చూపించాలని మనవాళ్లకి ఎవరు చెప్పారో తెలియదు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషిని మిక్కీ మౌస్ పక్కన నిలబెట్టి "నవ్వు నాన్నా" అంటే ఆయన మాత్రం ఎంతసేపని నవ్వుతాడు? ఆయన ఆర్టీసీలో 34 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆ సంగతి నాకు గుర్తొచ్చేసరికి ఆరు వారాలు పట్టింది.

పులిహోర, పెరుగన్నం, రెండు ఫ్లాస్కుల టీ, ఆయన మంకీ క్యాప్. ఐ-4 హైవే మీద ట్రాఫిక్ గురించి మొదలుపెడితే ఈ జవాబు అక్కడే ఆగిపోతుంది, వదిలేద్దాం.

లోపలికి వెళ్లగానే ఆయన కళ్లు కార్ల మీద పడలేదు, గట్టు మీద పడ్డాయి. ఈ ట్రాకు 3.56 మైళ్ల చుట్టు. నాస్కార్ అనే అమెరికా కార్ల పోటీల వాళ్లు తిరిగే పెద్ద ఓవల్లో (కోడిగుడ్డు ఆకారపు ట్రాకులో) చాలా భాగం, మధ్య మైదానంలో వంకర్ల రోడ్డు కొంత కలిపి అంత అవుతుంది. ఓవల్ మలుపుల దగ్గర రోడ్డు 31 డిగ్రీలు వాలి ఉంటుంది. మీ ఇంట్లో మేడమెట్లు ఎంత ఏటవాలుగా ఉంటాయో సుమారుగా అంత. దాని మీద కార్లు గంటకి మూడొందల కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంటాయి. "ఇంత మట్టి ఎక్కణ్ణుంచి తెచ్చార్రా?" అన్నారు. లోపలే తవ్వారు నాన్నా, 1959లో ట్రాకు తెరిచారు, తవ్వగా మిగిలిన గుంతే అదిగో ఆ లేక్ లాయిడ్ అన్నాను. "అంటే చెరువు తవ్వి కట్ట పోశారన్నమాట" అని తల ఊపారు. నాకు అరగంట వీడియో చూస్తే అర్థమైంది ఆయనకి ఒక్క మాటలో అయిపోయింది.

ఆ ఏడాది 61 కార్లు, ఐదు తరగతులు. అన్నీ ఒకేసారి ఒకే రోడ్డు మీద. వేగంగా పోయేవి నెమ్మదైనవాటిని దాటుకుంటూ పోవాలి, నెమ్మదైనవి తమలో తాము పోటీ పడుతూ వాటికి దారివ్వాలి. పగలు చూస్తే గందరగోళమే. నాన్న ఒక గంట చూసి కునుకు తీశారు. మధ్యలో లేపి పాత కథ ఒకటి చెప్పాను. 1962లో ఇది మూడు గంటల రేసు. డాన్ గర్నీ అనే ఆయన ముందున్నాడు, చివర్లో ఇంజన్ చచ్చిపోయింది. గీతకి కాస్త ముందు, గట్టు మీద బండి ఆపుకుని, టైం పూర్తయ్యేదాకా ఆగి (టైం అయ్యాక గీత దాటితేనే రేసు పూర్తిచేసినట్టు), వాలులో కిందికి దొర్లించి గీత దాటాడు. ఫస్టు అతనే. "మా డ్రైవర్లు ఘాట్‌లో న్యూట్రల్ వేస్తే మెమో ఇచ్చేవాళ్లు" అని మళ్లీ పడుకున్నారు.

చీకటి పడ్డాక చలి మొదలైంది. జనవరి కాబట్టి చీకటే పదమూడు గంటల దాకా ఉంటుంది. ఫ్లోరిడాలో చలేంటి అని నవ్వకండి. ఆ రాత్రి చెట్ల మీంచి ఇగ్వానాలు (పెద్ద తొండల్లాంటివి) బిగుసుకుపోయి కింద పడతాయి జాగ్రత్త అని మయామీ వైపు వాతావరణ శాఖ హెచ్చరించింది. డేటోనాలో సెల్సియస్ లెక్కన సున్నాకి దగ్గరదాకా పడిపోయింది. చలికి టైర్లు వేడెక్కవు, పట్టు దొరకదు, పిట్ (టైర్లు మార్చి, పెట్రోలు పోసే చోటు) నుంచి బయటికొచ్చిన కారు మొదటి చుట్టు మంచు మీద నడిచినట్టే. మేం ఒకే దుప్పట్లో ఇద్దరం. ఆ టైంలో కళ్లు మూసుకుంటే ఏ కారు వస్తోందో చెప్పొచ్చు. కాడిలాక్ వీ8 ఇంజన్ పొట్టలోంచి ఉరుముతుంది, పోర్షే గొంతు పెంచి అరుస్తుంది. నాన్న నాకంటే ముందు కనిపెట్టేశారు. అంతేకాదు, "అదిగో, ఆ మూడోదానికి ఏదో తగులుతోంది, సౌండు మారింది" అన్నారు. నాకేం తేడా వినపడలేదు.

మూడున్నరకి గరాజుల వైపు నడిచాం. ఈ రేసులో మామూలు టికెట్ మీదే ఆ వైపు తిరగనిస్తారు, తాడు ఇవతల నిలబడి చూడొచ్చు. ఎఫ్1 అంటే పడి చచ్చిపోయే మనవాళ్లు ఈ మాట గమనించాలి. అక్కడ ఇంత దగ్గర నుంచి చూడాలంటే ఎన్ని డాలర్లో కనుక్కోండి. మేం వెళ్లేసరికి ఒక జీటీ కారుని (రోడ్డు మీద తిరిగే కారు ఆకారంలోనే ఉండే రేసు కారు) తోసుకుంటూ లోపలికి తెచ్చారు. ముందు మూల నుజ్జయింది, చక్రం పక్కకి తిరిగిపోయి ఉంది. టీం పేరు వద్దులెండి. ఒకతను గాలి గొట్టం తెచ్చి వెనకాల గుచ్చాడు, బుస్సుమని కారంతా లేచి నిలబడింది. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. "జాకీలు బండిలోనే ఉన్నాయిరా!" తర్వాత చక్రం తీశారు. మధ్యలో ఒక్కటే నట్టు. ఎనిమిదీ పదీ నట్లు విప్పీ విప్పీ భుజాలు అరిగిన మనిషి, ఆ ఒక్క నట్టు వైపు చూసిన చూపు నేను ఫొటో తీయలేదు, తీయాల్సింది.

పాత బ్రేకు డిస్కు విప్పి పక్కన పెట్టారు. మాడిన వాసన మా దాకా వచ్చింది. ఆయన గట్టిగా పీల్చారు. "ఇదొక్కటి మా డిపో వాసనే."

కారు కింద ఒక కుర్రాడు పడుకుని పని చేస్తున్నాడు, పాతికేళ్లుండవు. చూడకుండా చెయ్యి బయటికి చాపుతున్నాడు, పక్కనున్నవాడు కావలసిన పానా అందులో పెడుతున్నాడు. మాటల్లేవు. "అడక్కుండా ఇస్తున్నాడు చూడు, హెల్పర్ మంచోడు" అన్నారు. నలభై నిమిషాలు కదల్లేదాయన. టీ ఇస్తే పట్టుకున్నారు గానీ తాగలేదు.

అప్పటికే ఆ కారు బోలెడన్ని చుట్లు వెనకబడింది. ఇక గెలవదు కదా నాన్నా, ఎందుకింత కష్టం అన్నాను. నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూశారు. "తెల్లారితే బండి లైన్లో ఉండాలి కదరా."

నేను సాఫ్ట్‌వేర్ ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నాను. రాత్రి మూడింటికి ఫోన్ మోగితే లేచి లాగిన్ అవుతాను. ఆ పనికి నాకు వచ్చే జీతం గురించి మా చుట్టాలు గొప్పగా చెప్పుకుంటారు. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు తండ్రి ఉద్యోగం అన్న గడిలో నేను "గవర్నమెంట్ ఎంప్లాయీ" అని రాశాను. మెకానిక్ అని రాయలేదు.

సరే, ఫిర్యాదులు కూడా చెప్పాలి. ప్రమాదం జరిగితే అందర్నీ నెమ్మదించమని చూపే పసుపు జెండా నాకు నచ్చదు. రాత్రంతా చమటోడ్చి సంపాదించిన ఆధిక్యం, చివరి గంటల్లో ఎవడో గోడకి గుద్దితే ఆవిరైపోతుంది. అందర్నీ ఒక వరసలో కూర్చి మళ్లీ వదులుతారు. టీవీ వాళ్లకి సంబరం. లెక్కలు తెలిసినవాళ్లు ఇది కూడా ఆటలో భాగమే అంటారు. నేను ఒప్పుకోను.

ఆ ఏడాది గెలిచింది హీలియో కాస్ట్రోనెవెస్, అతనితో వంతులేసుకుని నడిపిన డ్రైవర్ల అక్యూరా కారు. కానీ నాన్నకి గుర్తున్నది వేరే. వెనక స్ట్రెయిట్ చివర కార్ల వేగం తగ్గించడానికి ఒక వంకర దారి ఉంది, దాన్ని అందరూ బస్‌స్టాప్ అంటారు. ఆ పేరు వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఐదు తరగతుల్లో ఒకటైన జీటీడీ ప్రోలో ఆఖరి చుట్టుకి రెండు పోర్షేలు, జామినే అనే డ్రైవర్ ఒకదాంట్లో, వాంటూర్ అనే అతను ఇంకోదాంట్లో, ఒకదాన్నొకటి అంటుకుని వచ్చాయి. సరిగ్గా ఆ బస్‌స్టాప్ దగ్గరే రాసుకున్నాయి. వాంటూర్ కారు దారి తప్పింది, జామినే గెలిచాడు. స్టాండ్‌లో అందరూ లేచి అరుస్తుంటే మా నాన్న మంకీ క్యాప్ సర్దుకుని, "బస్టాప్‌లో ఓవర్‌టేకా? మా దగ్గరైతే సస్పెన్షనే" అన్నారు.

టాంపా వచ్చేదాకా పడుకునే ఉన్నారు. ఇంటి ముందు కారాపుతుంటే కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "ఆ మూల నుజ్జయిన బండి మళ్లీ తిరిగిందా, లేదా?"