దెయ్యం ఎప్పుడొస్తుంది? ఎమ్.ఆర్. జేమ్స్ కథలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఇంగ్లిష్ రచయిత ఎమ్.ఆర్. జేమ్స్ దెయ్యం కథలు గొప్పవంటే 1904లో వచ్చిన మొదటి సంపుటం పట్టుకున్నాను. పాత చర్చిలు, లాటిన్ ముక్కలు, ప్రొఫెసర్ల కబుర్లు తప్ప భయం కనబడడం లేదు. ఏ కథతో మొదలుపెట్టాలి?

జవాబు: సంపుటంలోని వరుసను పక్కనపెట్టి 'ద మెజోటింట్' చదవండి. మెజోటింట్ అంటే లోహపు రేకుపై చెక్కి కాగితంపై అచ్చువేసిన చిత్రం. చిన్న కథ. విశ్వవిద్యాలయ మ్యూజియం కోసం చిత్రాలు సేకరించే విలియమ్స్‌కు ఒక వ్యాపారి ఒక బంగళా చిత్రం పంపుతాడు. వెల 2 పౌండ్ల 2 షిల్లింగులు, అందులో విశేషమేమీ లేదు. కాసేపాగి చూస్తే చిత్రం అంచున ఒక తల. తర్వాత పచ్చికపై నాలుగు కాళ్లమీద పాకే ఆకారం. ఆ తర్వాత ఆకారం లేదు, కింది కిటికీ మాత్రం తెరిచి ఉంది. జేమ్స్ పద్ధతి అంతా ఇందులోనే ఉంది: ఒక్కో మెట్టులో ఒక్క మార్పే, మధ్యలో భోజనాలు, కాలేజీ కబుర్లు.

ఆ కబుర్లు దాటేయకండి. ఆయన మధ్యయుగపు రాతప్రతుల పట్టికలు తయారుచేసిన పండితుడు, కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీకీ ఆపైన ఈటన్ పాఠశాలకూ ప్రొవోస్ట్, అంటే అధిపతి. పాత దస్తావేజులు, తేదీలు పెట్టి ముందు నమ్మకం కుదురుస్తాడు. లాటిన్ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. కానీ 'కౌంట్ మాగ్నస్'లో శవపేటిక తాళాలను మాత్రం లెక్కపెట్టుకుంటూ చదవాలి. ఉన్నవి మూడే.

ప్రశ్న: 'కాస్టింగ్ ది రూన్స్' కథలో మంత్రగాడు కార్స్‌వెల్ అంటగట్టిన శాపపు కాగితాన్ని డన్నింగ్ తగలబెట్టొచ్చుగా? లేదా తిరిగి కార్స్‌వెల్ కోటు జేబులోనే పడేయొచ్చుగా?

జవాబు: రెండూ పనికిరావు. కాగితం ఇచ్చేవాడు చేతికివ్వాలి, పుచ్చుకునేవాడు తనదేనని తీసుకోవాలి. బ్రిటిష్ మ్యూజియంలో కార్స్‌వెల్ "ఇవి మీవే అనుకుంటాను" అన్నట్టుగా కాగితాలు అందిస్తే డన్నింగ్ థాంక్స్ చెప్పి మరీ తీసుకున్నాడు. తిరిగివ్వడమూ అలాగే జరగాలి. జేబులో పడేస్తే అది పుచ్చుకోవడం కాదు. తగలబెడితే ఇంకా ప్రమాదం: డన్నింగ్ కంటే ముందు శాపం తగిలిన జాన్ హారింగ్టన్ కాగితం గాలికెగిరి మంటల్లో పడింది. తిరిగివ్వడానికి ఏమీ మిగల్లేదు, మూడు నెలల గడువులో మనిషి పోయాడు.

అందుకే రైలు ఘట్టంలో అంత ఉత్కంఠ. కార్స్‌వెల్ టికెట్ల పర్సు జారిపడుతుంది, డన్నింగ్ అందులో కాగితం దూర్చి "ఇది మీదేనా?" అని అందిస్తాడు. ఆ తర్వాత డోవర్ రేవులో ఉద్యోగి కార్స్‌వెల్‌ను అడిగే ప్రశ్న చూడండి: మీతో ఉన్న ఆయన టికెట్ చూపించారా అని. పక్కన ఎవరూ లేరు. 1957లో ఈ కథను సినిమాగా తీసినప్పుడు రాక్షసుడిని మొదట్లోనే చూపించేశారు. మా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న ముందు ఆ రాక్షసుడు దిగదుడుపే.

ప్రశ్న: స్నేహితుల ముందు పైకి చదవడానికి ఏ కథ బాగుంటుంది?

జవాబు: చాలా కథలు అందుకే పుట్టాయి. క్రిస్మస్ రాత్రుల్లో ఒక్క కొవ్వొత్తి ఉంచి మిగతావి ఆర్పేసి జేమ్స్ తానే చదివేవాడు. 'ఓ, విజిల్, అండ్ ఐల్ కమ్ టు యూ, మై లాడ్' ఎంచుకోండి. ఒక గంట పడుతుంది, మధ్యలో విరామం ఇవ్వకండి.

సాధారణంగా చెడేది గొంతు దగ్గర. మొదటి నుంచీ వణికించే గొంతు పెడితే చివరికి పెంచడానికి ఏమీ మిగలదు. ప్రొఫెసర్ పార్కిన్స్‌ను దెయ్యాలంటే నమ్మకం లేని, కాస్త బడాయి మనిషిగా చదవండి, జనం నవ్వినా మంచిదే. రెండు మంచాల గదిలో ఆయన ఒక్కడే పడుకున్నాడు, పొద్దున పనిమనిషి మాత్రం రెండు పడకలూ నలిగి ఉన్నాయంటుంది. ఆ మాట మామూలుగా అనేసి క్షణం ఆగండి. చివర ఖాళీ మంచం మీది దుప్పటి ఆకారంగా లేచినప్పుడు వేగం పెంచకండి. అది గుడ్డిగా తడుముకుంటోందన్న వాక్యాలు వినేవాళ్లకు స్పష్టంగా అందాలి. అదే సత్రంలో దిగిన కల్నల్ గది లోపలికి వచ్చాక మిగిలింది మామూలుగా చదివేయొచ్చు.

పిల్లలు వింటుంటే 'లాస్ట్ హార్ట్స్' జోలికి వెళ్లకండి. అందులో బలయ్యేది పిల్లలే, ఎలాగన్నది కూడా జేమ్స్ దాచలేదు.