వెయ్యి లావాదేవీలున్నా ఈ-ఫైల్ చేయొచ్చు

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటాం. మా ఆయన పోయిన ఏడాది ఫోన్ యాప్‌లో షేర్లు తెగ కొని అమ్మారు. బ్రోకర్ పంపిన 1099-బి (అమ్మకాల లెక్క) 86 పేజీలుంది, 1,140 లావాదేవీలు! ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే సగంలో ఆగిపోతోంది. ఇవన్నీ చేత్తో కొట్టాలా? కాగితం మీద పంపడమే మేలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, కాగితం మీద పంపక్కర్లేదు, ఈ-ఫైల్ చేయొచ్చు, అంటే రిటర్న్ ఆన్‌లైన్‌లోనే పంపొచ్చు. 1,140 వరుసలూ కొట్టక్కర్లేదు. ముందు 1099-బిలో సమ్మరీ పేజీ తీయండి. కొన్న ధరను బ్రోకర్ ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్ను శాఖకు) కూడా తెలిపి, ఏ సర్దుబాటూ అవసరం లేని అమ్మకాలకు ఫారం 8949 (అమ్మకాలను ఒక్కొక్కటిగా రాసేది) అక్కర్లేదు. వాటి మొత్తాలను నేరుగా షెడ్యూల్ డిలో (లాభనష్టాల మొత్తాలు చూపే ఫారంలో) వేయొచ్చు. షార్ట్ టర్మ్ (ఏడాది లేదా అంతకంటే తక్కువ ఉంచుకున్నవి) అయితే 1ఎ వరుసలో, లాంగ్ టర్మ్ (ఏడాది దాటినవి) అయితే 8ఎలో. మీ 1,140లో చాలా భాగం ఇక్కడే తేలిపోవచ్చు.

మిగిలేవి ఎక్కువగా వాష్ సేల్స్. నష్టానికి అమ్మి, దానికి ముందో వెనకో 30 రోజుల్లోపు అదే షేరు కొంటే ఆ నష్టాన్ని అప్పుడే చూపించుకోనివ్వరు. 1099-బిలో 1జి గడిలో అంకె ఉంటే అది వాష్ సేలే. అలాంటివి పది, పదిహేనే ఉంటే 8949లో డబ్ల్యూ కోడ్‌తో విడివిడిగా కొట్టేయండి. వందల్లో ఉంటే షార్ట్ టర్మ్‌కి, లాంగ్ టర్మ్‌కి విడిగా మొత్తాలు ఒక్కో వరుసలో వేసి, ఆ కోడ్‌కి ఎమ్ కూడా చేర్చి, బ్రోకర్ స్టేట్‌మెంట్‌ను పీడీఎఫ్‌గా జతచేయాలి. సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్ తీసుకోకపోతే ఫారం 8453లో (ఈ-ఫైల్‌కి తోడు కాగితాలు పోస్టులో పంపే ఫారంలో) 8949 గడికి టిక్ పెట్టి, స్టేట్‌మెంట్‌తో కలిపి పోస్టు చేయాలి. ఈ-ఫైల్‌ను స్వీకరించామని ఐఆర్ఎస్ నుంచి కబురు వచ్చాక మూడు పనిదినాల్లో అది వెళ్లిపోవాలి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆయన నష్టానికి అమ్మిన షేరును ఆ రోజుల్లో మీ ఖాతాలో మీరు కొన్నా వాష్ సేలే. అది బ్రోకర్ కాగితాల్లో కనబడదు, మీరే చూసుకోవాలి.

మీ ఇద్దరిలో ఎవరికైనా కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చిన ఆర్ఎస్‌యూ షేర్లు ఉంటే నా అనుభవం వినండి. నా మొదటి ఏడాది స్టేట్‌మెంట్లో 41వ పేజీ అడుగున ఒక్క వరుస: 18,400 డాలర్లకు అమ్మకం, కొన్న ధర దగ్గర ఖాళీ. నేను అలాగే వదిలేశాను. ఆ షేర్లు చేతికొచ్చిన రోజు విలువ జీతంలో కలిసి, డబ్ల్యూ-2లో (కంపెనీ ఇచ్చే జీతం లెక్కలో) అప్పటికే పన్ను పడింది. మళ్లీ మొత్తం 18,400 మీదా కట్టాను. మరుసటి ఏడాది బ్రోకర్ సైట్‌లో అసలు ధర చూపే సప్లిమెంటల్ స్టేట్‌మెంట్ కంటబడితే గానీ తెలియలేదు. 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి డబ్బు వెనక్కి తెచ్చుకున్నాను, కానీ ఆ నెలల్లో నిద్ర పట్టలేదు. ధర ఖాళీగా ఉంటే అసలు ధర, అంటే షేర్లు చేతికొచ్చిన రోజు విలువ, మీరే వేయండి. బ్రోకర్ ఐఆర్ఎస్‌కి తప్పు ధర పంపి ఉంటే 8949లో బి కోడ్‌తో సరిచేయాలి.

ఇక ఆ ఆగిపోయిన ఇంపోర్ట్. సగం వచ్చిన వరుసలన్నీ ముందు తీసేయండి, లేకపోతే మీరు వేసే మొత్తాలతో కలిసి రెండుసార్లు లెక్కకొస్తాయి. షెడ్యూల్ డి అయ్యాక అమ్మకాల మొత్తాన్ని 1099-బి సమ్మరీలోని ప్రొసీడ్స్‌తో (అమ్మగా వచ్చిన డబ్బుతో) పోల్చండి. ఒకటి రెండు డాలర్ల తేడా రౌండింగ్ వల్ల రావచ్చు. అంతకంటే చాలా ఎక్కువ వస్తే పంపకండి, ఏదో వరుస తప్పిపోయి ఉండొచ్చు.