మా మల్లి భయం తగ్గడానికి పది నెలలు పట్టింది

అక్కా, చిత్తూరు గిరింపేటలో ఉంటామని, మీ రెండేళ్ల నాటుకుక్క గేటు దగ్గర మనిషి కనిపిస్తే చాలు మొరుగుతుందని, బయటికి తీసుకెళ్తే బైకుల మీదికి ఎగబడుతుందని రాశారు. రెండు తగిలిస్తే దారికొస్తుందని మీ ఇంట్లో అంటున్నారట. ఆ పని మాత్రం వద్దు. మేము డబ్బిచ్చి మరీ అది చేయించాం.

మేముండేది తిరుపతి బైరాగిపట్టెడలో. మా కుక్క మల్లి మాకు అవిలాల వైపు రోడ్డు పక్కన దొరికింది. అప్పటికే ఐదారు నెలల పిల్ల. కుక్కపిల్లలు మూడో వారం నుంచి దాదాపు మూడున్నర నెలలు నిండేలోపు ఏయే మనుషుల్ని, బండ్లని, చప్పుళ్లని చూస్తాయో వాటినే మామూలు అనుకుంటాయి. ఆ వయసులో దీనికి ఏం ఎదురైందో గానీ హెల్మెట్ పెట్టుకున్నవాళ్లన్నా, చేతిలో కర్ర ఉన్నవాళ్లన్నా ప్రాణం పోయేంత భయం. పాలాయన వీధి మలుపులోనే ఆగి "ఏమ్మా, కుక్కను కట్టేసినారా?" అని కేకేసి, ప్యాకెట్లు గోడ మీద పెట్టి పోయేవాడు.

అప్పుడే కుక్కలకు ట్రైనింగ్ ఇస్తానని ఒకాయన వచ్చాడు. మెడకు బిగుసుకునే గొలుసు వేసి, అది గుర్రుమన్నప్పుడల్లా ఒక్క గుంజు గుంజేవాడు. రెండు వారాలకు గుర్రుమనడం ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మూడో వారం మా మామయ్య వచ్చి, వాకిట్లో వంగి చెప్పులు విప్పుతున్నాడు. ఇది చడీచప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి పిక్క పట్టేసింది. పావుగంట సేపు కుళాయి కింద సబ్బుతో కడిగి, మల్లికి టీకాలు వేయించి ఉన్నా సరే ఆయన్ని రుయా ఆస్పత్రికి తీసుకెళ్లి సూది వేయించాం. (మీ దానికి ఏటా వేయించే రేబిస్ టీకా బాకీ ఉంటే ముందు ఆ పని చూడండి.)

గుర్రుమనడమంటే "దగ్గరికి రావద్దు" అని చెప్పడం. ఆ మాట నోట్లోనే నొక్కేశాం, భయం మాత్రం లోపల అలాగే ఉంది. పైగా హెల్మెట్ కనిపించినప్పుడల్లా మెడ నొప్పి పుట్టేసరికి, దాని లెక్కలో హెల్మెట్లు ఇంకా చెడ్డవైపోయాయి. గొలుసు ఆరోజే తీసేసి, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొన్నాను.

తర్వాత వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాను. చెవి లోపల చీము ఉందన్నారు. తల నిమరబోతే ఎందుకు మీదికొచ్చేదో అప్పుడు అర్థమైంది. మీరు కూడా ట్రైనింగ్ అనుకునేముందు చెవులు, పళ్లు, కీళ్లు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఇవన్నీ చూపించండి. భయం మరీ ఎక్కువైతే డాక్టర్లు మందులు కూడా రాస్తారు, అందులో తప్పేం లేదు. మనుషుల నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వెయ్యకండి.

ఇక మాకు నిజంగా పనికొచ్చింది దూరం. బైక్ పక్కనుంచి పోతే మొరిగే కుక్క, అదే బైక్ వంద అడుగుల అవతల పోతే ఊరికే చూస్తుంది. ఆ ఊరికే చూసే దూరం ఎంతో పట్టుకోవాలి, పని అక్కడ మొదలుపెట్టాలి. మల్లికి అది సుమారు అరవై అడుగులు. తెల్లవారుజామున ఐదింటికి, ఎండ ఎక్కి రోడ్డు కాలేలోపు, కపిలతీర్థం రోడ్డుకు బాగా ఎడంగా నిలబడేవాళ్లం. కొండకు నడిచిపోయే భక్తులు గుంపులుగా "గోవిందా" అంటూ పోతుంటారు. గుంపు కనబడగానే మల్లి చెవులు నిక్కబొడుచుకునేవి. ఒకసారి మూతి నాక్కునేది, నిద్ర రాకపోయినా ఆవలించేది. అవి టెన్షన్ గుర్తులు. అది గుంపును చూసిన వెంటనే శనగబేడంత కోడిముక్క నోట్లో పెట్టేదాన్ని. చూస్తున్నంతసేపూ ఒక్కొక్క ముక్క. గుంపు మలుపు తిరిగిందంటే ముక్కలు బంద్.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మొదట్లో మనిషి రాకముందే సంచిలో చెయ్యి పెట్టి ముక్క చూపించేదాన్ని. పది రోజులకు సంచి జిప్పు చప్పుడు వింటేనే మల్లి తోక కాళ్ల మధ్య దూర్చి, ఎవరొస్తున్నారో అని వెతకడం మొదలుపెట్టింది! ముందు భయపెట్టేది కనబడాలి, ఆ తర్వాతే తిండి. రష్యాలో పావ్లోవ్ కుక్కల మీద చేసి చూపించింది కూడా ఇదే, ఏది ముందొస్తే అది వెనకొచ్చే దానికి కబురవుతుంది. వరుస మార్చాక ఆరో వారంలో అనుకుంటాను, గుంపును చూసి, తలతిప్పి నా మొహంలోకి చూసింది, "ఏదీ ముక్క?" అన్నట్టు. ఆ రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ చూపు వచ్చాకే అరవై అడుగుల్ని యాభై చేశాను. మొరిగిందంటే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం, దాని మీద అరవకుండా వెనక్కి తిప్పేయడమే.

కోడిముక్కలు ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించాలి. ఉల్లి కుక్కలకు విషం. మా ఇంట్లో శనివారం నీసు ముట్టం, ఆ రోజు పన్నీరు. మల్లికి శనివారాలే ఎక్కువ ఇష్టమని మా అమ్మ అనుమానం.

గేటు సంగతి సులువు. సందుల్లోంచి వీధి కనబడకుండా షీటు కొట్టించండి, గేటు దగ్గర కట్టేసి ఉంచకండి. కట్టేసిన కుక్కకు పారిపోయే దారి ఉండదు, అందుకే ఎగబడుతుంది. చుట్టాలొస్తే వేరే గదిలో పెట్టండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు బుట్టలాంటి మజిల్ వాడొచ్చు, దూడలకు వేసే చిక్కం లాంటిదే. నోరు తెరిచి వగర్చడానికి, నీళ్లు తాగడానికి వీలుండాలి. మన ఎండల్లో మూతి బిగించే గుడ్డది వెయ్యకూడదు.

భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందని పక్కింటావిడ చెప్పింది, నేనూ చాన్నాళ్లు నమ్మాను. అది తప్పు. వచ్చి ఒళ్లో దూరితే దూరనివ్వండి.

మొదటి ఏడాది గంగమ్మ జాతరకు "అలవాటవుతుందిలే" అని మల్లిని వీధి చివరి దాకా తీసుకెళ్లాను. డప్పులు మోగగానే మెడపట్టీలోంచి తల లాగేసుకుని పరుగు. నాలుగు గంటలు వెతికితే, కూరగాయల బండి కింద పట్టా చాటున వణుకుతూ దొరికింది. తర్వాత మూడు రోజులు గుమ్మం దాటలేదు. ఇప్పుడు జాతరకు నెల ముందు నుంచే ఫోన్లో డప్పుల రికార్డింగ్ వినీవినబడనంత సౌండుతో పెట్టి అన్నం పెడతాను. జాతర రోజుల్లో లోపలి గదిలో కూలర్ వేసి ఉంచుతాను, ఆ గోలలో బయటి డప్పులు సగం వినబడవు. దీపావళికీ అంతే.

పది నెలలకు పాలాయన గేటు లోపలికి వచ్చి గిన్నెలో ప్యాకెట్లు పెట్టి పోయేంత దాకా వచ్చాం. హెల్మెట్లంటే ఇప్పటికీ పడదు, బైక్ అబ్బాయిలు హెల్మెట్ తీసి పిలిస్తే ఊరుకుంటుంది.

మీరు ఒక వారం ఏ ట్రైనింగూ మొదలుపెట్టకండి. మీ కుక్క దేన్ని చూసి, ఎన్ని అడుగుల దూరంలో బిగుసుకుంటుందో మాత్రం రాసి పెట్టుకుని ఇక్కడ చెప్పండి. ఎక్కడ కట్టేస్తారో కూడా రాయండి, చూసి చెప్తాను.